బండి ఆపినప్పుడు పోలీసోళ్లను ఫోన్లో రికార్డు చేస్తే కేసవుతుందా?

సీక్యాంప్ బుల్లెట్:
కర్నూల్లో రాజ్‌విహార్ దగ్గర, బళ్లారి చౌరస్తాలో తనిఖీలు తెలిసినవే గదా. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా మాటామాటా పెరిగితే రుజువు ఉండాలని ఫోన్ తీశామనుకోండి. "ఆపు, లేకుంటే విధులకు ఆటంకం కింద లోపలేస్తా" అంటే ఏం చేయాల? ఫోన్ లాక్కునే హక్కు వాళ్లకుందా? డిలీట్ చేయమంటే చేయాల్నా? సెక్షన్లతో చెప్పండన్నా.

నల్లకోటు:
నడిరోడ్డు మీద డ్యూటీలో ఉన్న పోలీసును వీడియో తీయడమే నేరమని చెప్పే సెక్షన్ ఏదీ లేదు. కేరళవాళ్లు 2011 పోలీసు చట్టం 33(2)లో, జనం రికార్డు చేస్తుంటే పోలీసు అడ్డుకోరాదని నేరుగా రాసుకున్నారు. మనకు అట్లాంటి రాత లేదు. మనం పట్టుకోవాల్సింది రాజ్యాంగం 19(1)(ఎ)నే, అంటే భావప్రకటనా స్వేచ్ఛ.

బెదిరింపుకు వాడేది భారతీయ న్యాయ సంహిత 221, అంటే పాత ఐపీసీ 186. మూడు నెలల దాకా జైలు, 2,500 దాకా జరిమానా, లేదా రెండూ. ఆటంకం అనాలంటే వాళ్ల పనికి అడ్డం పడి ఉండాల. పక్కన నిలబడి తీస్తే పని ఎక్కడ ఆగింది? లైసెన్సు అడిగితే తీయకుండా, ఫోన్ మొహమ్మీద పెట్టి "ముందు నీ ఐడీ చూపించు" అంటే మాత్రం ఆ కేసును మనమే చేతికిచ్చినట్టు. మోటారు వాహనాల చట్టం 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాల్సిందే.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. 221ని కోర్టు విచారణకు తీసుకోవాలంటే ఆ అధికారి గానీ పైఅధికారి గానీ కోర్టుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాల (నాగరిక్ సురక్షా సంహిత, అంటే పాత సీఆర్‌పీసీ, సెక్షన్ 215). వట్టి చార్జిషీటు చాలదు. కాబట్టే పక్కన న్యాయ సంహిత 132 తగిలించే అవకాశం ఉంది. అది దౌర్జన్యం సెక్షను, రెండేళ్ల దాకా జైలు, నాన్‌బెయిలబుల్. ఫోన్ గుంజుకునేటప్పుడు పెనుగులాడితే దానికి దారి మనమే వేసినట్టు. చెయ్యి తగలనీయొద్దు.

బురుజు నీడ:
సెక్షన్లు సరే, తీసే పద్ధతి కూడా చూడండి. బండి పూర్తిగా పక్కకు తీసి, ఇంజన్ ఆపి, స్టాండు వేశాకే ఫోన్ ముట్టుకోండి. నడుపుతూ చేతిలో ఫోన్ పట్టుకుంటే అదే మోటారు వాహనాల చట్టం 184 కింద నేరం, ఆ వీడియోనే మీమీద సాక్ష్యం. రెండు మూడు అడుగుల దూరంలో, ఛాతీ ఎత్తున పట్టుకోండి. "రికార్డు చేస్తున్నా సార్" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. వ్యాఖ్యానం చేయొద్దు.

చాలామంది బోల్తాపడేది ఇక్కడ: లైసెన్సు డిజీలాకర్లో పెట్టుకుంటారు, రికార్డింగూ అదే ఫోన్లో. కేంద్ర మోటారు వాహనాల రూల్ 139 ప్రకారం డిజీలాకర్ చూపిస్తే చెల్లుతుంది, కాదనరు. కానీ ఆ యాప్ తెరవగానే కెమెరా ఆగిపోతుంది, సరిగ్గా అవసరమైన చోటే వీడియోకు గండి. పైగా అన్‌లాక్ చేసిన ఫోన్ వాళ్ల చేతికి పోతుంది. కార్డు జేబులో ఉంచుకోండి, లేదా వెనక కూర్చున్నోళ్ల ఫోన్‌తో తీయించండి. కొన్ని ఫోన్లలో కాల్ వచ్చినా రికార్డింగ్ ఆగుతుంది.

డ్రంకెన్ డ్రైవ్ తనిఖీ అయితే మొహాలు కాదు, మిషన్ తీయండి. కొత్త పైపు పెట్టారా, ఊదకముందు సున్నా చూపించిందా, ఊదాక ఎంత వచ్చింది, స్లిప్పులో టైము. హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు.

నల్లకోటు:
ఫోన్ సంగతికొస్తా. ఏదో నేరానికి సాక్ష్యమని అనుమానం ఉంటే సురక్షా సంహిత 106 కింద స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు జప్తు కాగితం రాయాల, మేజిస్ట్రేటుకు తెలపాల. ఉత్తినే లాక్కుని జేబులో వేసుకోవడం జప్తు కాదు. కాగితం అడగండి, అందులో ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ వేరుగా ఉండే గుర్తింపు) నంబరు రాయించండి (స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే వస్తుంది, ముందే ఇంట్లో రాసి పెట్టుకోండి). ఇవ్వకుంటే ఎస్పీకి రాతపూర్వకంగా, రిజిస్టర్ పోస్టులో పంపండి. సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు కూడా తీసుకుంటారు.

డిలీట్ చేయమని అడిగే అధికారం రోడ్డు మీద ఎవరికీ లేదు. బలవంతంగా చేయించినా గ్యాలరీ బిన్‌లో సాధారణంగా 30 రోజులు ఉంటుంది. అక్కడి నుంచి బయటపడ్డాక మొదటి పని దాన్ని వెనక్కి తెచ్చుకోవడమే.

ఫైలు రుజువు:
కోర్టుకు పనికిరావాలంటే ఒరిజినల్ ఫైలు ముట్టుకోవద్దు. కోయొద్దు, పాట కలపొద్దు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే సైజు నొక్కేస్తుంది, ఫైలు మారిపోతుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా డ్రైవ్‌లో ఎక్కించండి. కాపీ దాఖలు చేయాలంటే సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63 సర్టిఫికెట్ కావాల, ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు నింపాల. అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి కోడు, రాయాల. ఒక్క సెకను కత్తిరించినా ఆ విలువ మారుతుంది. డాష్‌క్యామ్ అయితే లాక్ బటన్ నొక్కి కార్డు తీసేయండి, లేకుంటే పాత క్లిప్పుల మీదే రాసుకుంటూ పోతుంది.

సీక్యాంప్ బుల్లెట్:
మరి స్టేషన్‌కు తీసుకుపోతే లోపల తీయొచ్చా? రికార్డయింది ఫేస్‌బుక్‌లో పెడితే?

నల్లకోటు:
స్టేషన్లో అధికార రహస్యాల చట్టం, 1923 అని భయపెడతారు. అందులో నిషేధిత ప్రదేశం అంటే ఏంటో 2(8)లో ఉంది. పోలీస్ స్టేషన్ అందులోకి రాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2022లో చెప్పింది. మన హైకోర్టు దానికి కట్టుబడాల్సిన పని లేదు గానీ, లాయరు చూపించుకోవచ్చు. అయినా లోపల గొడవ పెట్టుకోవద్దు. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020లో సుప్రీంకోర్టే చెప్పింది, తేదీ, టైము రాసుకుని ఫుటేజీ భద్రపరచమని వెంటనే అర్జీ పెట్టండి.

ఫేస్‌బుక్ వేరే కథ. తీయడం తప్పు కాకున్నా, "లంచగొండి" అని పేరు రాసి రుజువు చేయలేకుంటే న్యాయ సంహిత 356, పరువునష్టం. పక్కన ఆపిన ఆడవాళ్లు, పిల్లల మొహాలు మసకచేయండి. నిజంగానే డబ్బు అడిగారా? అట్లయితే పోస్టు కాదు, ఏసీబీ 1064. గత్యంతరం లేక ఇచ్చేసినా ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాల, లేకుంటే అవినీతి నిరోధక చట్టానికి 2018 సవరణ తర్వాత ఇచ్చినోడూ ముద్దాయే.