గాలి బాగాలేని రోజు: మాస్కు, ప్యూరిఫయర్ సందేహాలు

ప్రశ్న: ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 200 దాటింది. కిటికీలన్నీ మూసినా గదిలో పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి ధూళి కణాలు) రీడింగ్ తగ్గట్లేదు. ఇంట్లో ఆస్తమా ఉన్న బాబు ఉన్నాడు. ప్యూరిఫయర్ ఏ సైజుది తీసుకోవాలి? బయటికెళ్తే సర్జికల్ మాస్కు సరిపోతుందా?

జవాబు 1: సీఏడీఆర్ చూడండి, అంటే ప్యూరిఫయర్ నిమిషానికి ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె. 8 అడుగుల ఎత్తు గదైతే, గది చదరపు అడుగుల్లో మూడింట రెండు వంతులు సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) ఉండాలి. అంటే 150 చదరపు అడుగులకు కనీసం 100. ఆ అంకె ఫుల్ స్పీడుకే. నైట్ మోడ్‌లో బాగా పడిపోతుంది, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. గోడకు ఆనించొద్దు. అయానైజర్ (గాలిలోకి విద్యుదావేశం ఉన్న కణాలు వదిలే భాగం) ఉంటే ఆపేయండి, దాన్నుంచి ఓజోన్ రావచ్చు, ఆస్తమాకి అది మంచిది కాదు.

జవాబు 2: రీడింగ్ తగ్గట్లేదంటే పొగ ఇంట్లోనే పుడుతోందేమో చూడండి. నూనెలో వేయించడం, దోమల చుట్ట, కొవ్వొత్తి, ఏదైనా చాలు. పొడి చీపురుతో ఊడిస్తే కింద పడ్డ దుమ్మంతా మళ్లీ లేస్తుంది, తడిగుడ్డ పెట్టండి. తలుపు కింది సందులో చుట్టిన టవల్ పెట్టండి.

జవాబు 3: సర్జికల్ మాస్కు చాలదండి. బట్ట మంచిదే అయినా చెంపల పక్కనుంచి గాలి దూరుతుంది. సన్నటి కణాల్ని ఆపే, ముఖానికి బిగుతుగా అతికే ఎన్95 మాస్కు పెట్టుకుని ముక్కు క్లిప్పు రెండు చేతుల వేళ్లతో నొక్కండి. గట్టిగా ఊదితే కళ్లకి గాలి తగిలిందంటే సరిగ్గా అతకలేదన్నమాట. గడ్డం ఉన్నా అంతే. పిల్లలకి పెద్దల సైజు అతకదు, కాబట్టి బాబుని ఇంట్లోనే ఆడనివ్వండి, ఇన్‌హేలర్ చేతికందేలా ఉంచండి.

జవాబు 4: ఆ రోజు చెత్త, ఆకులు కాల్చకండి. బండి ఆపి ఎదురుచూసేటప్పుడు ఇంజిన్ ఆపేయండి, ఆ పొగ పక్కింటి పిల్లలూ పీల్చాల్సిందే.