నైట్రస్ పెట్టే ఎస్టీమ్‌కి ఏ పిస్టన్లు వేయాలి?

అన్నలూ, వరంగల్ ఆటోనగర్‌లో నా పాత మారుతి ఎస్టీమ్ ఇంజన్ విప్పించాను. 1298 సీసీ, బోర్ 74 మిల్లీమీటర్లు. పిస్టన్ స్కర్టుల మీద నిలువు గీతలు గోరుకు తగులుతున్నాయి, రీబోర్ (సిలిండర్‌ను కాస్త పెద్దగా కోయించడం) తప్పదు. ఎలాగూ విప్పాం కాబట్టి 50 హార్స్‌పవర్ నైట్రస్ కిట్ (ఇంజన్‌లోకి నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ పంపి పవర్ పెంచేది) పెట్టాలని ఉంది. డిటొనేషన్ (పెట్రోల్ మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం) వస్తే కాస్ట్ (పోత పోసిన) పిస్టన్‌లో రింగుల మధ్య గట్టు, అంటే రింగ్ ల్యాండ్, విరిగిపోతుంది కాబట్టి ఫోర్జ్‌డే (ఒత్తిడితో అచ్చొత్తినదే) వేస్తాను.

చిక్కంతా అల్లాయ్ దగ్గరే. 4032, 2618 అని రెండు అల్యూమినియం అల్లాయ్‌లున్నాయి. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం, వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, క్లియరెన్స్ (పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య సందు) బిగువుగా పెట్టుకోవచ్చు. 2618 దెబ్బకు బాగా ఓర్చుకుంటుంది గానీ క్లియరెన్స్ ఎక్కువ ఇవ్వాలి. చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే టకటకమని కొట్టుకుంటుంది. రోజూ హన్మకొండ, కాజీపేట ట్రాఫిక్‌లో తిరిగే బండి, నైట్రస్ ట్రాక్ మీదే. నాకు 4032 చాలనిపిస్తోంది. మా మెకానిక్ అన్న 2618 తప్ప వద్దంటున్నాడు.

నడిపినవాళ్లు చెప్పండి. టాప్ రింగ్ గ్యాప్ (పై రింగు రెండు కొసల మధ్య సందు) ఎంత పెట్టారు? కంప్రెషన్ తగ్గించారా, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగితే (స్పార్క్ కాస్త ఆలస్యం చేస్తే) సరిపోయిందా? మే ఎండల్లో నైట్రస్ బాటిల్ ప్రెషర్ ఎలా అదుపు చేస్తున్నారు? టార్క్ ప్లేట్ (హెడ్ బదులు బ్లాక్ మీద బిగించే దళసరి ప్లేటు) బిగించి హోనింగ్ (సిలిండర్ లోపలి గోడను సానబట్టడం) చేసే షాపు కరీంనగర్‌లో ఉన్నా సరే, వెళ్తాను.