సొంతంగా చదివిన పుస్తకంలో థీమ్ పిల్లల చేత ఎలా పట్టించాలి?

విశాఖలో, మధురవాడ వైపు ఒక స్కూల్లో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతాను. శనివారం 40 నిమిషాల లైబ్రరీ పీరియడ్‌లో ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు చదువుకుని, నోట్‌బుక్‌లో థీమ్, అంటే ఆ కథ మొత్తం మీద చెప్పదలచుకున్న మాట, రాయాలి. అక్కడే ఆగిపోతున్నాం. సగం మంది కథంతా మళ్లీ రాస్తారు, మిగతావాళ్లు ‘స్నేహం’, ‘ధైర్యం’ అని ఒక్క మాట రాసి మూసేస్తారు.

అందరం కలిసి చదివితే ఈ ఇబ్బంది లేదు. పంచతంత్రం మిత్రలాభంలో, వలలో చిక్కి అందరితో కలిసి వలతో సహా ఎగిరిపోయిన పావురాల రాజు చిత్రగ్రీవుడి కథ చెప్పినప్పుడు అందరూ ఐకమత్యం అన్నారు గానీ, వెనక బెంచీ అమ్మాయి ఒకతె ‘ఎలుక తన బంధాలు కొరకబోతే ముందు నా వాళ్లవి కొరుకు అన్నాడు కదా టీచర్, రాజంటే అలా ఉండాలని కూడా చెబుతోంది’ అంది, ఎంత సంతోషమేసిందో! అదే అమ్మాయి తను విడిగా చదివిన పుస్తకానికి వచ్చేసరికి కథే రాసింది.

ముఖ్యపాత్ర మొదట్లో ఎలా ఉంది, చివరికి ఎలా మారింది అని ప్రశ్నల కాగితం ఇచ్చాను, ఖాళీలు పూరించినట్టు నింపేశారు. జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడించాను, ఒకరు చదివింది ఇంకొకరు చదవలేదు కాబట్టి కథ చెప్పుకోవడంతోనే సరిపోయింది. వాళ్లు తీసుకునే పుస్తకాలన్నీ నేనూ చదివి ఉండను.

ఏ పుస్తకానికైనా పనికొచ్చేలా, పిల్లలు తమంతట తామే కథ నుంచి థీమ్ దాకా వెళ్లడానికి మీ తరగతిలో ఏ ప్రశ్న గానీ పద్ధతి గానీ నిజంగా పనిచేసింది?