ఆదివారం గుట్టలు, సోమవారం ల్యాబ్ రికార్డు: రెండూ సాగేదెలా?

ప్రశ్న

నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. నగర పొలిమేర దాటి బస్సులో గంటన్నర వెళితే ఒక చిట్టడవి, దాని వెనుక గుట్టల వరుస వస్తాయి. నిరుడు మిత్రులతో ఒకసారి వెళ్లింది మొదలు దాదాపు ప్రతి ఆదివారమూ అక్కడికే వెళుతున్నాను. వెళ్లినందుకు ఏనాడూ చింతించలేదు గాని, దాని బాకీ సోమవారం తీర్చుకోవలసి వస్తోంది. పోయిన వారం నా ల్యాబ్ రికార్డులో గ్రాఫు కాగితం మీద ఎర్రమట్టి బొటనవేలి ముద్ర ఒకటి పడింది. మా అధ్యాపకురాలు ఏమీ అనకుండా దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఇచ్చారు. ఇప్పటికే రెండు అసైన్‌మెంట్లు ఆలస్యమయ్యాయి, ఇంటర్నల్ పరీక్షలు ఐదు వారాల్లో ఉన్నాయి. వెళ్లడం మానేయాలా, లేక దీనికి మరో మార్గం ఉందా?

సమాధానం 1

మానేయమని నేను చెప్పను. ముందుగా ఆ ఆదివారం ఎలా ఖర్చవుతోందో ఒక కాగితం మీద రాసుకోండి. రానూపోనూ మూడు గంటలు, బస్సు కోసం ఎదురుచూపు, ముందురోజు సర్దుకోవడం, తిరిగొచ్చాక బూట్లు కడిగి ఆరబెట్టడం, ఆపైన అలసట. చెట్ల కింద గడిపింది నాలుగు గంటలైతే, మొత్తం మీద పోయినవి పది తేలినా ఆశ్చర్యం లేదు. మీ చదువు సమయాన్ని ఎక్కువగా మింగుతున్నది బస్సేనని నా అనుమానం.

ఇంగ్లండులో సుమారు 20,000 మంది సమాచారంతో 2019లో వెలువడిన ఒక అధ్యయనం, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవారిలో ఆరోగ్యమూ మనస్థిమితమూ బాగున్నాయని చెప్పినవారు ఎక్కువని తేల్చింది. ఆ సమయాన్ని ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా కనిపించలేదట. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా బయటికి వెళతారేమో కనుక దాన్ని మందుచీటీలా తీసుకోనక్కరలేదు. అయినా మీకు పనికొచ్చే మాట అందులో ఉంది: కళాశాలకు దగ్గరలోని చెరువుగట్టు మీద వారంలో మూడు సాయంత్రాలు నలభై నిమిషాల చొప్పున నడిచి, గుట్టలను రెండు వారాలకొకసారికి మార్చుకోవచ్చు.

సమాధానం 2

పై సలహాలో లెక్క సరిగ్గానే ఉంది గాని, గట్టు మీద నడక గుట్ట ఎక్కడానికి సాటి అంటే నేను ఒప్పుకోలేను. గట్టు మీద ఫోన్ మోగుతూనే ఉంటుంది, మనసు సగం తరగతిలోనే ఉండిపోతుంది. ప్రశ్న అడిగినవారు గుట్టలను వదులుకోకుండా రోజును మార్చుకుంటే చాలు. శనివారం వెళ్లండి, కాళ్ల నొప్పులేవో ఆదివారం తీరిపోతాయి.

రెండో విషయం, తిరిగి వచ్చే సమయం. స్కాట్లండుకు చెందిన నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ప్రకారం ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట పడుతుంది. 10 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కవలసి ఉంటే రెండున్నర గంటలన్నమాట. విశ్రాంతి ఇందులో కలపలేదు, ఫోటోలు తీసే మిత్రులుంటే ఇంకో గంట కలుపుకోవాలి. ఈ లెక్క వేసుకుని ఏ బస్సుకు తిరిగి రావాలో బయలుదేరేముందే నిర్ణయించుకోండి. చివరి బస్సును మాత్రం లెక్కలోకే తీసుకోకండి, అది అవసరం పడితే ఉండాలి.

ఇక రికార్డు సంగతి. నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువ వేగంగా మరుపుకు వస్తుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. ప్రయోగం చేసిన సాయంత్రమే రాస్తే గంటలో అయ్యే రికార్డు, నాలుగు రోజుల తర్వాత రీడింగులు ఎక్కడివో వెతుక్కుంటూ రాస్తే రాత్రంతా పడుతుంది. సోమవారం మీద పడుతున్న బరువులో సగం నిజానికి గురువారానిది కావచ్చు.

సమాధానం 3

ఒక్క మాట కలుపుతాను. పుస్తకాలు వెంట తీసుకువెళ్లవద్దు. నేను ఒక సెమిస్టరంతా గణితం నోట్సు గుట్ట మీదికి మోసుకెళ్లాను, దాన్ని నాకంటే చీమలే శ్రద్ధగా తిరగేశాయి. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో, చెట్ల మధ్య నడిచి వచ్చినవారు అంకెలను వెనుక నుంచి అప్పజెప్పే పరీక్షలో మెరుగుపడ్డారు, రద్దీ వీధిలో నడిచినప్పుడు అంతటి మేలు కనిపించలేదు. పట్టుబట్టి నిలిపే ఏకాగ్రతకు అక్కడ విశ్రాంతి దొరుకుతుందని వారి వివరణ. ఆ విశ్రాంతి వేళలోనే ఏకాగ్రతతో పని చేయించబోతే ఇక వెళ్లి ప్రయోజనమేముంది?

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మొదటి సమాధానంలో చెప్పినట్టు లెక్క రాసి చూస్తే పది కాదు, పదకొండు గంటలు తేలాయి. పరీక్షలయ్యేదాకా రెండు వారాలకొకసారి, అదీ శనివారమే వెళ్లాలని నిర్ణయించుకున్నాను. మధ్య వారాల్లో గట్టు మీద నడుస్తాను, ఫోన్ గదిలోనే వదిలేసి. ఈ వారం రికార్డు ప్రయోగం చేసిన సాయంత్రమే రాశాను. ఒక రీడింగు తప్పుగా పడిందని అప్పుడే తెలిసింది, మర్నాడు ల్యాబ్ తెరిచి ఉండగానే వెళ్లి సరిచేసుకున్నాను.