బోరు కొట్టడం, బోరింగు కొట్టడం

మొన్న ఒకరు 'బోర్ కొట్టడం' తెలుగు నుడికారమేనా అని అడిగారు. పేరు ఇంగ్లీషుది, క్రియ మనది. తమాషా అంతా ఆ క్రియలోనే ఉంది.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర పల్లె. ఎండాకాలం సెలవుల్లో మా చిన్నోడు వాళ్ల నాయనమ్మకు ఫోన్ చేసి "బోర్ కొడుతుంది నాయనమ్మా" అన్నాడు. ఆమె ఒకటే టెన్షన్. "గీ ఎండలనా? మీ అమ్మ ఏడవోయింది? రెండు బిందెలు చాలు బిడ్డా, చేతులు పొక్కుతయ్!" మా దగ్గర చేతిపంపును బోరింగు అంటాం. పిడి పట్టుకుని పైకీ కిందికీ ఆడించడమే బోరింగు కొట్టడం. పాపం, ఆమెకు వినబడింది అదే.

పొలంలో బోరు మాత్రం వేస్తాం. నీళ్లు పడితే "రెండించులు పోస్తుంది" అంటాం, ఎండితే "బోరు పోయింది" అంటాం. పోయడానికీ పోవడానికీ మధ్య ఒక్క ఎండాకాలమే తేడా.

ఇంగ్లీషులో తొలిచే బోర్ చాలా పాతది. విసుగు బోర్ 18వ శతాబ్దంలో వచ్చింది. అది తొలవడం నుంచే పుట్టిందా అన్నది నిఘంటుకారులు గట్టిగా తేల్చలేదు. హుగ్లీ లాంటి నదుల్లోకి సముద్రపు పోటుతో ఎదురెక్కే అల కూడా బోరే, దాని పుట్టుక వేరు. పన్నెండు బోరు తుపాకీలో బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. పౌను సీసంతో పన్నెండు సమాన గుండ్లు పోస్తే ఒక్కో గుండుకు ఉండే వెడల్పు అన్నమాట.

బోరున ఏడవడం మాత్రం మన సొంతం, వీటితో చుట్టరికం లేదు. అయితే మూడు బోర్లు వేసి మూడింట్లోనూ నీళ్లకు బదులు దుబ్బే లేచిన రైతు ఇంట్లో రెండూ కలుస్తాయి.

బాకీ కొంత మనమూ తీర్చాం లెండి. మా బోరింగు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి ఇంగ్లీషు పుస్తకాల్లోనూ 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. ఊరి పేరు అలా ఎక్కినందుకు సంతోషపడాలో లేదో మా పళ్ల మీది మచ్చలను అడగాలి.

పాలమూరు వాళ్లు చెప్పండి, మీ దగ్గర కూడా బోరింగేనా?