ప్యాచ్ ఫైల్‌ల రివ్యూ కామెంట్లు రాస్తే అప్లై అయితలేదు

మిర్యాలగూడ_బిల్లింగ్:
రైస్‌మిల్లు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ముగ్గురం మూడు ఊర్లల్ల ఉంటం, ప్యాచ్‌లు (కోడ్‌ల ఏం మారిందో చూపే ఫైళ్లు) మెయిల్‌ల పంపుకుంటం. రివ్యూ చేసేటప్పుడు ప్యాచ్‌నే తెరిచి, అనుమానం ఉన్న లైన్ కింద "తూకం సున్నా అయితే?" అని రాస్తున్న. తర్వాత గిట్ అప్లై (ప్యాచ్‌ల మార్పులను కోడ్‌ల కలిపే కమాండ్) చేస్తే "కరప్ట్ ప్యాచ్ ఎట్ లైన్ 37" అంటుంది. కామెంట్లు వేరే రంగుల కనపడాలె, ప్యాచ్ కూడా పని చెయ్యాలె. ఎట్ల?

పాలమూరు_టెర్మినల్:
కమాండ్లు తెలుగు లిపిల రాస్తున్న, టెర్మినల్‌ల ఇంగ్లిష్‌లనే కొట్టాలె.

@@ -40,6 +40,8 @@ అంటే పాత ఫైల్‌ల 40వ లైన్ నుంచి 6 లైన్లు, కొత్త దాంట్ల 8. ఆ లెక్క తీరేదాక ప్రతి లైన్ స్పేస్, ప్లస్, మైనస్‌లల్ల ఒకదానితోనే మొదలు కావాలె (ఫైల్ చివర న్యూలైన్ లేదని చెప్పే బ్యాక్‌స్లాష్ లైన్ ఒక్కటి వేరు). మీ ప్రశ్న "తూ"తో మొదలైతుంది, గిట్ అక్కడే ఆగుతది. ముందు స్పేస్ పెట్టి రాస్తే ఇంకా తిప్పలు, దాన్ని పాత కోడ్ అనుకుంటది.

అసలు ప్యాచ్‌ను ముట్టొద్దు. కాపీ చేసి, కామెంట్‌ను మొదటి కాలమ్‌లనే ##తో రాయండి. హంక్‌ల (@@ లైన్ కింద ఉండే మార్పుల ముక్క) కోడ్ లైన్ ఏదీ ##తో మొదలు కాదు కాబట్టి తర్వాత సెడ్ '/^##/డీ' (##తో మొదలయ్యే లైన్లు తీసేసే కమాండ్) కొడితే కామెంట్లే పోతయ్. కమిట్ మెసేజ్‌ల (మార్పు గురించి రాసే వివరణ) ఎవరన్నా ## హెడ్డింగ్ పెడితే అది కూడా పోతది, అట్లాంటప్పుడు ##రివ్యూ: అని గుర్తు పెంచుకోండి. తీసేసినంక గిట్ అప్లై --చెక్ (ప్యాచ్ ఎక్కుతదో లేదో చూసేది) కొట్టండి.

రంగు కోసం విమ్ ఎడిటర్‌ల :సెట్ ఎఫ్‌టీ=డిఫ్ అంటే # లైన్లు కామెంట్ రంగుల వస్తయ్. ఇంకా కొట్టొచ్చినట్టు కావాలంటే :మ్యాచ్ టూడూ /^##.*/.

దేవరకొండ_డిఫ్:
కొందరు కామెంట్‌ను ప్లస్ లైన్‌గా రాసి --రీకౌంట్‌తో (@@ లైన్‌ల ఉన్న లెక్కను పట్టించుకోవద్దని చెప్పేది) అప్లై చేస్తరు. అప్లై అయితది, కాని కామెంట్ పోయి కోడ్‌ల కూసుంటది. వద్దు.

మొత్తం ప్యాచ్ మీద చెప్పేదుంటే, కమిట్ మెసేజ్ తర్వాత వచ్చే --- లైన్‌కు, మొదటి డిఫ్‌కు నడుమ రాయండి. గిట్ ఏఎమ్ (మెయిల్‌ల వచ్చిన ప్యాచ్‌ను ఎక్కించే కమాండ్) ఆ భాగాన్ని వదిలేస్తది. లైన్ లైన్‌కు చెప్పేదుంటే నేనైతే మెయిల్ రిప్లైలనే, > గుర్తున్న లైన్ల కింద రాయమంట. ప్యాచ్ ఫైల్ జోలికే పోవద్దు. పంపేటాయన ఫార్మాట్-ప్యాచ్‌కు (ప్యాచ్ ఫైల్ తయారు చేసే గిట్ కమాండ్) -యూ10 ఇస్తే చుట్టుపక్కల 3 లైన్లకు బదులు 10 కనపడతయ్.

ప్యాచ్ ఫైల్ మొదటి లైన్‌ల సెప్టెంబర్ 17, 2001 అని చూసి కంగారు పడొద్దు. మన సెప్టెంబర్ 17కు దానికి సంబంధం లేదు, గిట్ ప్రతి ప్యాచ్‌కు అదే తేదీ వేస్తది.

మిర్యాలగూడ_బిల్లింగ్:
## తీసేసినం అన్నా, కరప్ట్ పోయింది. ఒక ఫైల్‌కు మాత్రం "ప్యాచ్ డజ్ నాట్ అప్లై" వస్తుంది.

పాలమూరు_టెర్మినల్:
ప్యాచ్‌ను, అసలు ఫైల్‌ను రెండింటినీ క్యాట్ -ఏతో చూడు తమ్మీ. ట్యాబ్ ఉంటే ^ఐ కనపడతది, విండోస్ లైన్ ముగింపు ఉంటే ^ఎమ్$. ప్యాచ్‌ల ట్యాబ్‌ల జాగల స్పేస్‌లుంటే మెయిల్ మార్చినట్టే, ఈసారి అటాచ్‌మెంట్‌గా పంపమను. ఫైల్‌ల ^ఎమ్ ఉండి, గిట్ ఏఎమ్‌తో ఎక్కిస్తుంటే --కీప్-సీఆర్ పెట్టు, లేకుంటే అది సీఆర్‌ను (ఆ ^ఎమ్ గుర్తునే) తీసేస్తది.