ఉసిళ్లు: తిండి మాటా, తీసిపారేసే మాటా?

పోస్టు, గుణుపురం (రాయగడ జిల్లా, ఒడిశా) నుంచి:

అందరికీ నమస్కారమండి. చాన్నాళ్లుగా అడుగుదామనుకుంటున్న మాట ఇది. పేపర్లలో జనం ఎక్కువైతే "ఉసిళ్లలా వచ్చారు" అంటారు, వీధికో కోచింగ్ సెంటర్ పెడితే "పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి" అంటారు. రెండు మాటల్లోనూ ఒక విసుగు ఉంటుంది గమనించారా, ఎక్కువైపోయాయి, విలువ లేనివి, రేపటికి ఉండవు అన్నట్టు. ఉసిళ్లంటే తొలి వానకి చెదల పుట్టలోంచి ఎగిరొచ్చే రెక్కల చెదపురుగులు. కానీ ఈ రెండూ ఒకే పుట్టలోంచి వచ్చేవి, రెండూ మా ఇంట్లో తిండే, అదీ ఏడాదంతా ఎదురుచూసి తినే తిండి.

మృగశిర కార్తెలో మొదటి వాన పడి, సాయంత్రానికి తెరిపిచ్చి, నేల వేడి ఆవిరి కొడుతుంటే మా మామ్మ ఆకాశం చూసేది కాదు, పుట్ట వైపు చూసేది. "ఒరే గుంటడా, ఇంట్లో లైట్లన్నీ కట్టెయ్ రా" అని కేకేసేది. ఊళ్లో దీపాలు ఆపి పెరట్లో ఒక్క లాంతరు పెట్టి, దాని కింద వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి ఉంచేవాళ్లు. ఉసిళ్లు దీపం చుట్టూ తిరిగి తిరిగి నీళ్లలో పడతాయి, రెక్కలు తడిస్తే ఇక లేవలేవు. తెల్లారి వాటిని వడకట్టి, ఎండలో కాసేపు ఆరబోసి, మట్టి పెంకు మీద నూనె లేకుండా వేపితే రెక్కలన్నీ ఊడిపోతాయి, చేటలో వేసి చెరిగితే రెక్క గాలికి పోయి గింజ నిలుస్తుంది. ఉప్పు, ఎండుకారం, కాస్త పసుపు, మూరీల్లో (మరమరాల్లో) కలుపుకుని తినడమే. వేపిన శనక్కాయకీ నెయ్యి గసికీ మధ్యలో ఉంటుంది రుచి. బయటివాళ్లు "పురుగులా?" అని మొహం పెట్టేస్తారు గానీ అది పురుగు రుచి కాదండి, అది వాన మొదలైన రోజు రుచి, ఇంకోలా చెప్పడం నాకు చేతకావట్లేదు.

మూరీలు అన్న మాట కూడా చూడండి, ఒడియా ముఢి మన నోట మూరీ అయ్యి విశాఖపట్నం దాకా వెళ్లి మూరి మిక్చర్ అయింది. సరే అది వేరే చర్చ.

ఇక పుట్టగొడుగు. ఆ మాటని విడదీసి చూస్తే ముచ్చటేస్తుంది నాకు, పుట్ట మీద లేచిన గొడుగు. ఒడియా వాళ్ల ఛతులో కూడా గొడుగుంది గానీ పుట్ట లేదు. మన మాటలో పుట్ట కూడా ఉంది, అంటే ఇది ఎక్కడ లేస్తుందో తెలిసినవాళ్లు పెట్టిన పేరు. చెదలు పుట్ట లోపల బూజుని పండించుకుంటాయి, కొరికి తెచ్చిన కట్టె, ఆకు ముక్కల మీద దాన్ని పెంచి అదే తింటాయి. వానలు ముదిరాక ఆ బూజే పైకి గొడుగు పడుతుంది, అందుకే ఈ రకం పుట్టగొడుగుని పీకితే లోపలికి పొడుగాటి వేరు లాంటి కాడ వస్తుంది, అది కింద చెదల తోట దాకా ఉంటుంది. ఫ్రాన్సు శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో ఈ జాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు, టెర్మైట్ అంటే చెద, మైసిస్ అంటే బూజు. మన మాటలో ఆ పుట్ట ఎప్పట్నుంచో ఉంది.

నా ప్రశ్న రెండు ముక్కలు. ఒకటి, తినేవాళ్ల దగ్గర అపురూపమైన మాట రాసేవాళ్ల దగ్గర చులకన ఎప్పుడైంది? రెండు, ఉసిళ్లకి ఏకవచనం ఏంటి? ఊరు ఊళ్లు, గోరు గోళ్లు, వేలు వేళ్లు, ఆ లెక్కన ఉసిరో ఉసిలో అవ్వాలి, కానీ మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు.

జవాబు, సిరొంచ (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర) నుంచి:

అన్నా మంచి ముచ్చట తీసినవ్. మా దిక్కు ఉసిల్లు అంటం, ల తోని, ళ కాదు. బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు, గీ మాట మాత్రం బడిల ఎన్నడు వినలే, ఇంట్లనే విన్న. మీ తీరు నీళ్ల గిన్నె మేం పెట్టం, పుట్ట మీద కొమ్మలు పాతి గొంగడి కప్పుతం, ఒక్క దిక్కు సందు ఇడిచి ఆడ దీపం పెట్టి ముంగట గుంత తవ్వి నున్నగ అలుకుతం. ఎలుతురుకు ఒచ్చినయి ఒచ్చినట్టే గుంతల వడ్తయి. గంపకెత్తుడే. నీళ్లల వడితే రుచి పోతదని మా అవ్వ అంటుండె.

జవాబు, బరంపురం నుంచి:

నేను పూర్తిగా ఒప్పుకోనండి. ఉసిళ్లలా అన్న పోలికలో చిన్నచూపు లేదు, ఉన్నట్టుండి లెక్కలేనంత మంది రావడం ఒక్కటే ఉంది. పుట్ట లేవడం కళ్లారా చూసినవాడే ఆ పోలిక చెప్పగలడు. ఇంకో మాట, తమిళంలో ఈసల్, మలయాళంలో ఈయల్ అంటారు, మనకి ఈసుళ్లు అన్న రూపం కూడా ఉంది కదా. తమిళంలో ఈ అంటే ఈగే. కాబట్టి ఉసిళ్ల కన్నా ఈసుళ్లే పాత రూపం అని నా అభిప్రాయం.

పోస్టు పెట్టినవారు:

ఈసుళ్ల సంగతి బాగా చెప్పారు, తీసుకుంటున్నాను. ఉసిళ్లలా విషయంలో కూడా మీ మాటే నిజం కావొచ్చు. కానీ పుట్టగొడుగుల్లా మీద నేను తగ్గను. ఎవరైనా "పుట్టగొడుగుల్లా మంచి బళ్లు వెలిశాయి" అని రాయడం చూశారా? చెడ్డవే వెలుస్తాయి ఎప్పుడూ. పుట్టగొడుగు కోసం వానలో కొండెక్కి, దొరికిన చోటు పక్కింటివాళ్లకి కూడా చెప్పకుండా దాచుకునే మనుషులు మా చుట్టూ ఉన్నారు, వాళ్లెవరూ ఈ పోలిక కట్టి ఉండరు.

జవాబు, జయపురం (కోరాపుట్ జిల్లా) నుంచి:

మాట విని మోసపోయే తిండి ఇంకోటి ఉంది మా దగ్గర. ఒడియాలో ఎర్రచీమని కాయి అంటారు. కొత్తగా వచ్చిన మా మేనత్తగారికి కాయి చట్నీ అని వడ్డిస్తే మామిడికాయ చట్నీ అనుకున్నారు, పుల్లగా ఉంది కాబట్టి తిన్నాక కూడా అలాగే అనుకున్నారు! ఆ పులుపు చీమ ఒంట్లో ఉండే ఫార్మిక్ ఆసిడ్‌ది. ఈ చీమలు ఆకుల్ని కలిపి కుట్టుకుని చెట్ల మీద గూళ్లు కడతాయి, కుట్టే దారం వాటి పిల్లపురుగులు ఇచ్చే పట్టు. గూడుని కొమ్మతో సహా తెచ్చి చీమలూ గుడ్లూ విడదీసి, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి, ఉప్పుతో రోట్లో నూరతారు. మయూర్‌భంజ్ జిల్లా సిమిలిపాల్ కాయి చట్నీకి 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. మా మేనత్తగారికి నిజం చెప్పాక ఒక్క నిమిషం ఊరుకుని, "మరి ఇంకొంచెం ఉందా" అన్నారు.

జవాబు, రాయగడ నుంచి:

మా పిల్లలకి పెట్టొచ్చా ఇవన్నీ?

పోస్టు పెట్టినవారు:

రొయ్యలు, పీతలు పడనివాళ్లకి ఇవీ పడకపోవచ్చండి, జాగ్రత్త. పుట్టగొడుగుల విషయంలో మాత్రం తెలిసిన పెద్దవాళ్లు చూసి ఇస్తేనే వండండి, ఫోటో చూసి పోల్చుకునే పని అస్సలు వద్దు, విషపువి అచ్చం అలాగే ఉంటాయి.

జవాబు, పర్లాకిమిడి నుంచి:

ఏకవచనం గురించి ఎవరూ మాట్లాడలేదేం? నీళ్లు, పాలు, వడ్లు చూడండి. ఒక్క వడ్ల గింజ అంటాం గానీ ఒక వడ్లు అనం. కొలిచి తీసుకునే వాటికి మన భాషలో బహువచనమే పేరు. మా సంతలో ఉసిళ్లు అమ్మినప్పుడు సోలతోనే కొలిచేవారు, అందుకని వడ్ల వరసలోనే వాటినీ చేర్చాలి. వాడుకలో ఉన్న మాటే ప్రమాణం అని పోట్లాడిన గిడుగు రామమూర్తిగారు మా ఊరి బళ్లోనే పాఠాలు చెప్పారు, ఆయన సవర (ఇక్కడి గిరిజనుల భాష) మాటలు కూడా ఇలా మనుషుల నోట విని రాసుకున్నవే. కాబట్టి పుస్తకంలో లేదని వదిలేయకుండా ఇంట్లో అడిగి రాయండి.

పోస్టు పెట్టినవారు:

మీరు చెప్పినట్టే ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. ఒక్కటే ఉంటే ఏమంటామే అని అడిగితే ముందు అర్థం కాలేదు, మళ్లీ అడిగాను. "ఒక్కదానికి పేరెందుకురా, చెరిగి సోలడు చేతికొస్తే కదా ఉసిళ్లు" అంది. మరీ అడిగితే ఉసిళ్ల పురుగు అంటామేమో అంది, అదీ ఆలోచించి. వడ్ల గింజ లాగే అన్నమాట, మీ లెక్క సరిపోయింది.

ఇక్కడ వాన ఇంకా పడలేదు. సిరొంచ అన్నా, మీ దిక్కు పుట్టలు లేస్తే ఒక మాట రాయండి, ఈసారి గుంత తవ్వి చూస్తాను.